బిక్షపతన్న నలభై కార్డులు

బిక్షపతన్నకు కోపం రాని రోజు నేనైతే సూడలే. ఫ్యాను గాలి సోల్డరింగ్ మీదికొస్తే కోపం. చిల్కానగర్ నుంచి వచ్చే ఆటోల ముగ్గురి సీట్ల ఐదుగురిని కూసోబెడితే కోపం. చాయ్ చల్లగైతే చాయ్ మీద కూడా కోపమే. ఒకసారి ఆయన భూతద్దం మీద పెన్నుతోని చిన్న చుక్క పెట్టిన. పొద్దంత కార్డుల మీద మచ్చ ఉన్నదని తుడిసిండు. అసలు సంగతి తెలిసినంక నా చెప్పులు షెడ్డు రేకుల మీదికి ఇసిరిండు. మల్ల తానే నిచ్చెనేసి తెచ్చిండు, అది కూడా తిట్టుకుంటనే.

జనగామ దిక్కు మనిషి. ఐటీఐ సదివి వచ్చి, నాచారం పక్కన మల్లాపూర్ల మా షెడ్డుల ఒకే బల్ల మీద పన్నెండేండ్లు కూసున్నడు. మేం బ్యాంకు బ్రాంచీలకు డబ్బాలు జేస్తం. ఒక బ్రాంచి నుంచి ఇంకో బ్రాంచికి పోయే సమాచారం మధ్యల ఎవడూ సదవకుండ తాళమేసి పంపుడు ఆ డబ్బా పని. పాత డబ్బాలల్ల ప్రాసెసర్‌కు ఆ లెక్కలు జేసే సత్తువ లేకుండె. అందుకే పక్కన ఒక సర్క్యూట్ కార్డు పెడుతుంటిమి, తాళాలేసుడు ఒక్కటే దాని కొలువు. కార్డు బిక్షపతన్నది. దాన్ని నడిపించే ప్రోగ్రాం నాది. నేను ఏ కాలేజీల నేర్సుకోలే, చెడగొట్టుకుంట నేర్సుకున్న.

రెండువేల పన్నెండుల కొత్త ప్రాసెసర్ పక్కన గదే కార్డు పెట్టిన నలభై డబ్బాలు ఒక బ్యాంకుకు పోయినయ్. పదిహేను రోజులకు నలభై వాపసొచ్చినయ్. మస్తు స్లో అంట. ఓనర్ చలపతిరావు సారు కాగితం ఒకటి పట్టుకొని బల్ల దగ్గరికొచ్చిండు.

"సోల్డరింగ్ సరిగ్గా లేదయ్యా. తప్పు నాదేనని దీని మీద సంతకం పెట్టు. బ్యాంకు వాళ్లకి ఏదో ఒకటి చూపించాలి కదా."

"నా సోల్డరింగా?" అన్నడు బిక్షపతన్న. లేసిన లేసుడుకు స్టూల్ కింద పడ్డది. "సార్, జర ఏ కార్డుల లోపమున్నదో సూపియ్యుర్రి. ఒక్కటి సూపియ్యుర్రి!"

"శనివారం వాళ్ల ఇంజినీర్ వస్తుంది. అప్పటికి సంతకం లేకపోతే ఆదివారం నుంచి రానక్కర్లేదు."

మూడు దినాలు ఆ మనిషి నలభై కార్డుల చిప్పులు ఒక్కొక్క కాలు భూతద్దం కింద పెట్టి సూసిండు. మధ్యల ఒక దినం ఫ్యాక్టరీలకు పవర్ హాలిడే, కరెంటు లేదు. కిటికీ కాడ ఎండల పెట్టి సూసిండు. ఒక్క లోపం దొరకలే. దొరకకపోయే కొద్ది కోపం పెరిగింది. నన్ను, సారును, ఎండను, అందరిని కలిపి తిట్టిండు.

శుక్రవారం నేను డబ్బా లోపట తాళమేసే పని ఎవరెవరికున్నదో ఆ లిస్టు తెరిసి సూసిన. సూడంగనే అన్న బల్ల కాడికి ఉరికిన.

"అన్నా, జర కూసో. డబ్బాను నడిపే కెర్నల్ ఉంటది సూడు, అది మేస్త్రీ లెక్క. పని ఎవరికియ్యాల్నో నంబర్ సూసి ఇస్తది. ఎవని నంబర్ పెద్దదైతే వానికే."

"మనదెంత?"

"నాలుగు వేలు. గీ కొత్త ప్రాసెసర్‌ల తాళమేసే ఆర్డర్, గదే ఇన్‌స్ట్రక్షన్, లోపట్నే పుట్టింది. దాని నంబర్ మూడు వందలు. అందుకే మేస్త్రీ వాన్ని కూసోబెట్టి, ప్రతి చిన్న ముక్క మోసుకొచ్చి మన కార్డుకే ఇస్తుండు. పోయి వచ్చుడుకే టైమంత పోతుంది. పెద్ద ఫైలైతే నడుస్తది గాని, బ్యాంకోళ్లు పంపేటియన్ని చిన్న ముక్కలే."

"నాలుగు వేలు ఎవడు పెట్టిండు రా?"

"నేనే కొట్టిన. పాత డబ్బాలప్పుడు నువ్వే చెప్పినవ్ కదనే. నా కార్డు ఎవని ఎనక నిలబడదు, పెద్దది కొట్టుమంటివి."

ఆయన నన్ను తిట్టలే, భూతద్దం బోర్లించి పక్కకు పెట్టిండు. అది సూసి నాకు తిట్లకన్న ఎక్కువ భయమైంది. అందుకే ఒక దొంగ తెలివి చెప్పిన.

"సప్పుడు జేయకుండ నంబర్ వంద జేస్త. సంతకం పెట్టి, కార్డులు బాగుజేసినమని చెప్పు. పనంత ప్రాసెసర్‌కే పోతది, డబ్బా ఉరుకుతది. కార్డు మీద లైట్ ఎలుగుతనే ఉంటది. నీ బల్ల ఉంటది, నీ కార్డు ఉంటది. ఎవనికి తెల్వది."

"థూ! పన్నెండేండ్ల చెయ్యి పాడైందని రాసిచ్చి గీ లైటును బతికించుకోవాల్నా? లైటెలిగే కార్డుకు, లైటెలిగే బొమ్మకు ఏం ఫరక్ రా ఎడ్డోడా?"

శనివారం బ్యాంకు ఇంజినీర్ సత్యవేణి మేడం వచ్చింది. సారు కాగితం ముందుకు జరిపిండు. బిక్షపతన్న దాన్ని పక్కకు నూకి, ముందుగాల కార్డుతోని డబ్బా నడిపించిండు. మేడం స్క్రీన్ సూసి పెదవి ఇరిసింది. గప్పుడు డబ్బా బందు జేసి, మూత తీసి, కార్డు పీకి బల్ల మీద పెట్టి మల్ల ఆన్ జేసిండు. వేగం మూడింతలైంది.

"కార్డు లేకుండానా?" అన్నది మేడం.

"లేకుండనే. సోల్డరింగుల తప్పు లేదు. కార్డుకే ముందు పనియ్యుమని నేను మొండికేసిన, తప్పు గదే. గీ కొత్త దాంట్ల మీకు కార్డే అవసరం లేదు."

సారు మొకం ఎర్రగైంది. "నీకు మతి పోయిందా? కార్డు అక్కర్లేదంటే ఈ బల్ల మీద నీకేం పని మిగులుద్దయ్యా?"

"అది సోమవారం మాట్లాడుదం సార్. ఇయ్యాల కాగితం రాయుర్రి. సోల్డరింగుల లోపం లేదని రాయుర్రి. సంతకం మీరు పెట్టుర్రి."

మేడం సారు దిక్కే సూస్తుంది. సారు పళ్లు కొరుక్కుంటనే రాసిండు, సంతకం పెట్టిండు. బిక్షపతన్న రెండుసార్లు సదివి, మడిసి జేబుల పెట్టుకున్నడు.

తర్వాత మిగిలిన ముప్పైతొమ్మిది డబ్బాలు ముందలేసుకొని కూసున్నడు. ఒక్కో కార్డు ఇప్పుకుంట ప్రాసెసర్‌ను తిడుతుండు. "సూదంత ఆర్డరంట! వీనికి ఎవడన్న కాలు కాలు సోల్డరింగ్ పెట్టిండా?" నేను స్క్రూడ్రైవర్ తీస్కొని ఒక డబ్బా మీద చెయ్యేసిన.

"చెయ్యి తియ్‌రా," అన్నడు. "నేను పెట్టినయ్, నేనే తీస్త."