అద్దాలాయన ఉడుంపట్టు

అద్దాలాయనకు నలభై ఆరేళ్లు. అందులో ఇరవై రెండేళ్లు కిటికీలకు అద్దాలు బిగించడంలోనే గడిచిపోయాయి. ఆ పనిలో ఒకటే శాసనం: అవతలివాడు "పట్టుకున్నా, వదిలెయ్" అనేదాకా చెయ్యి తీయకూడదు. ఆ అవతలివాడు ఎప్పుడూ బావమరిదే. మాట వినకముందే వదిలితే ఏమవుతుందో ఆయన మోచేతి మీది మచ్చనడిగితే చెబుతుంది.

అలాంటి మనిషి, కూతురిని వ్యాయామశాలలో దింపడానికి వెళ్లి వెళ్లి, బరువులెత్తడం తానూ నేర్చుకుంటానని మంకుపట్టు పట్టాడు. రెండు కొసలా బరువులు తగిలించిన బార్‌ను నేలమీంచి ఒక్క ఊపులో తలమీదికి లేపి, దాని కింద గొంతుక్కూర్చుని పైకి లేవాలి, దాన్నే స్నాచ్ అంటారు. ఆర్నెల్లు చీపురుకర్రతో సాధన చేశాడు, నవ్వేవాళ్లను నవ్వనిచ్చాడు. ఎత్తడం వచ్చింది కానీ, బార్ కింద గొంతుక్కూర్చోవడానికి మోకాళ్లు ససేమిరా అన్నాయి. దాంతో కోచ్ మేడం ఆయన్ను సగమే కూర్చునే పవర్ స్నాచ్‌కు మార్చింది.

"సగం కూర్చుంటే సగం ఎత్తినట్టే కదా మేడం?"

"బరువు తలమీదికి వెళ్లిందా లేదా? మిగతాది మీ మోకాళ్ల ఇష్టం."

అయినా మనసొప్పక, ఆవిడ అటు తిరగగానే నిండా కూర్చోబోయేవాడు. అదైనా ఫరవాలేదు. అదుపు తప్పి బార్ వెనక్కి పోతే వదిలేసి ముందుకు అడుగెయ్యాలి కదా, ఈయన వదలడు. ఉడుంపట్టు! రెండుసార్లు భుజం మెలిపడింది. ఇంకోసారి అలా అయితే అద్దాల పని కూడా మానుకోవాల్సిందేనన్నాడు డాక్టరు. చివరికి మేడం తేల్చి చెప్పేసింది.

"ఇవాళ వదలడం రాకపోతే రేపట్నుంచి బార్ ముట్టుకోవద్దండీ."

తేలికపాటి బరువే పెట్టి, కావాలనే వెనక్కి వదలమంది. మూడుసార్లూ ఆయన అద్దం దించినట్టు పదిలంగా నేలమీద దించాడు. కూతురు తల పట్టుకుంది. నాలుగోసారి బార్ నిజంగానే వెనక్కి ఒరిగింది. వేళ్లు బిగుసుకున్నాయి, భుజం కలుక్కుమంది. సరిగ్గా అప్పుడే, ఆయన్ను పనికి తీసుకెళ్లడానికొచ్చిన బావమరిది గుమ్మంలోంచి అలవాటుకొద్దీ అరిచాడు.

"పట్టుకున్నా బావా, వదిలెయ్!"

చేతులు వదిలేశాయి. కాళ్లు ముందుకు నడిచాయి. వెనకాల ధడేలుమంది.

అద్దాలాయన తిరిగి చూసి, ముందు నేలమీద గాజు పెంకుల కోసం వెతికాడు. బార్‌కు తగిలించిన రబ్బరు ప్లేట్లు రెండుసార్లు ఎగిరి ఊరుకున్నాయి. భుజం తిప్పి చూసుకున్నాడు, నిక్షేపంలా ఉంది. అమ్మయ్య! ప్రాణం లేచొచ్చి అక్కడే చతికిలబడి పడీపడీ నవ్వాడు.

"ఎక్కడ పట్టుకున్నావురా?"

"ఏమో బావా, నోటికొచ్చేసింది!"

"ఇంకోసారి నాన్నా," అంది కూతురు. "నిండుగానా, సగమా?"

"సగమే," అన్నాడు ఏ మొహమాటమూ లేకుండా.

ఎత్తాడు. తలమీద నిలబెట్టాడు. ఈసారి ఎవరూ చెప్పకుండానే వదిలేశాడు.