ఆకు దంచే ప్రింటర్

ఆ రోజుల్లో అమీర్‌పేటలో జావా నేర్చుకోనివాణ్ణీ, కృష్ణానగర్‌లో కథ రాయనివాణ్ణీ జనం వింతగా చూసేవారు. నేను రెండూ మొదలుపెట్టి, మొదటిది మూడో వారానికే వదిలేసిన ఘనుణ్ణి. జావా కోసమని ఇంట్లోవాళ్ళు కొనిచ్చిన కంప్యూటర్‌లో దయ్యం కథ టైపు చేసుకుంటూ, ఫిల్మ్‌నగర్‌లో ఒక కో-డైరెక్టర్ గారి వెనక ఫైళ్ళు మోస్తూ తిరిగేవాణ్ణి. యూసుఫ్‌గూడలో మేడ మీద ఒంటి గది. ఆ గదిలోకి ఒక ఇంక్‌జెట్ ప్రింటర్ తెచ్చుకున్నాను. ఎంత చవకో! షాపతను దాన్ని నా చేతిలో పెడుతూ ఎందుకో జాలిగా నవ్వాడు. (రెండు కొత్త ఇంకు కార్ట్రిడ్జులు కొనే డబ్బుతో దాదాపు ఇంకో ప్రింటరే వచ్చేస్తుందని ఆ మహానుభావుడు ముందే చెబితే ఆయన సొమ్మేం పోయేది?)

ప్రింటర్ ఎందుకంటే, జూబ్లీ హిల్స్‌లో ఒక నిర్మాత గారు నా దయ్యం కథ సంగతి విని, "నోటితో చెప్పే కథలు నాకొద్దు బాబూ. మంచి రోజు చూసుకుని కాగితాల మీద పట్రా, చదువుతా" అన్నారు. నాకదే మొదటి అవకాశం, బహుశా చివరిది కూడా. ఎందుకంటే ఆర్నెల్లలో ఏదీ తేలకపోతే మా బావ చూసిన ఉద్యోగంలో నోరు మూసుకుని చేరతానని ఇంట్లో మాటిచ్చి ఉన్నాను. అప్పటికి అయిదు నెలలు అయిపోయాయి.

ఒక ఆదివారం కిందింటి ఓనరాంటీ మేడెక్కి వచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. "బిడ్డా, పగటీలి గదిల ఎవర్నన్న ఉంచి పోతున్నవా?" అంది. తాళం వేసే వెళ్తున్నానన్నాను. "మరి నాలుగు గొట్టంగనే టక్ టక్‌మని ఎవరు దంచుతుండ్రు?" అంటూ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది, లోపలికి అడుగు పెట్టలేదు. వాళ్ళ అత్తగారు ఆ ముందటేడు పోయిందట, ఈ గదిలోనే. పళ్ళు లేని ఆ పెద్దావిడ రోజూ నాలుగింటికి చిన్న రోట్లో తమలపాకు దంచుకుని నమిలేదట. ఈ సంగతి గది అద్దెకిచ్చేటప్పుడు చెప్పలేదేం అని అడగబోయి, దయ్యం కథలు రాసేవాడికి ఆ మాట శోభించదని ఊరుకున్నాను.

మర్నాడు పని మానేసి గదిలోనే కూర్చున్నాను. ఎండాకాలం, రోజూ రెండింటికి పోయిన కరెంటు నాలుగింటికి గానీ వచ్చేది కాదు. ఫ్యాను లేదు, గాలి లేదు, వీధిలో అలికిడి లేదు. సరిగ్గా నాలుగింటికి నా వీపు వెనక ఏదో పళ్ళు కొరికినట్టు వినిపించింది. తిరిగి చూస్తే, ఎవరూ ముట్టుకోకుండానే ప్రింటర్‌లో పచ్చ దీపం కన్ను తెరిచింది. టక్. టక్. టక్. కాసేపు ఆగింది. ఎవరో దవడ లోపల రసం పీల్చినట్టు సన్నటి చప్పుడు. మళ్ళీ టక్. ఎప్పుడొచ్చిందో, గుమ్మంలో నిలబడి ఓనరాంటీ "అత్తమ్మనే" అంది, చాలా మెల్లగా. తర్వాత ప్రింటర్ కింద వేలు చూపించింది. బల్ల మీద ఎర్రటి మరకలు. "సూడు, ఉమ్మేసింది గూడ."

అది ఎర్ర ఇంకు ఆంటీ, అన్నాను.

షాపుకు పరిగెత్తాను. అతను తాపీగా, "కరెంటు వచ్చినప్పుడల్లా అది మూతి కడుక్కుంటది సార్. మీరు ప్రింట్ చేసిన ఇంకు కన్నా అది కడుక్కునేదే ఎక్కువ" అన్నాడు. అయితే ప్లగ్గు పీకేస్తానన్నాను. "పీకేస్తే ఇంకు ఎండిపోతది. ఉంచితే తాగేస్తది. మీ ఇష్టం." ఈ మాటలన్నీ ఓనరాంటీకి విడమరిచి చెప్పాను. అన్నీ శ్రద్ధగా విని, మర్నాటి నుంచి తన దగ్గరున్న రెండో తాళంచెవితో గది తీసి, రోజూ మూడున్నరకల్లా ప్రింటర్ ముందు ఒక తమలపాకు పెట్టి పోవడం మొదలెట్టింది.

మంచి రోజని నిర్మాత గారూ ఒప్పుకున్న గురువారం రానే వచ్చింది. కొత్త కార్ట్రిడ్జు కొనే తాహతు లేక, ముందు రోజే పాతదానికి సూదితో నల్ల ఇంకు ఎక్కించుకొచ్చాను. పొద్దున్నే తొంభై పేజీలు అచ్చవుతుంటే, ఓనరాంటీ ఆకు పట్టుకుని వచ్చింది. "మంచి పనికి పోతున్నవ్ గద బిడ్డా. నీ చేత్తోని ఒక్క ఆకు పెట్టి పో. ఆమెకు జర కోపమెక్కువ." నేను నవ్వేశాను. "ఆంటీ, ఇది మిషను. నాకు సెంటిమెంట్లు లేవు" అన్నాను, ఫిల్మ్‌నగర్‌లో అలాంటి మాట అన్న మొదటి మనిషిని నేనేనన్నంత గొప్పగా. సూదిమందు పడ్డ కార్ట్రిడ్జు కారుతోందని అప్పుడే గమనించాను. ప్రతి కాగితానికీ కుడివైపు పై మూలా కింది మూలా నల్లగా మరక పడుతోంది. అక్షరాల మీద పడలేదు కదా, మార్జిన్‌లోనే కదా అనుకుని ఫైలు కట్టేశాను.

నిర్మాత గారు నుదుట కుంకుమతో, ఎంతో ప్రసన్నంగా ఫైలు విప్పారు. విప్పిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. పేజీ తిప్పారు. ఇంకోటి తిప్పారు. ఏసీ గదిలో ఆయన పెదవి మీద చెమట పట్టింది. "ఏమయ్యా," అన్నారు గుసగుసగా, "ఎవరు పోయారు?"

నాకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. (ఫోన్లు లేని కాలంలో పెళ్ళి కబురైతే కార్డు మూలలకు పసుపు రాసేవారు. చావు కబురైతే నల్ల సిరా పూసేవారు. అలాంటి కార్డు వస్తే చదివి చింపెయ్యడమే, ఇంట్లో ఉంచేవారు కాదు.) నేను ఆయన చేతిలో ఒకటి కాదు, తొంభై చావు కబుర్లు పెట్టాను. ఆయన పెన్ను కొసతో ఫైలును నా వైపు నెట్టి, లేచి చేతులు కడుక్కొచ్చి, ఇంటికి ఫోన్ చేశారు. "అమ్మ లేచిందా? టిఫిన్ తిన్నదా? నువ్వెళ్ళి చూసి చెప్పు." చూసొచ్చి చెప్పేదాకా ఫోను చెవి దగ్గరే పట్టుకుని నిలబడ్డారు. తర్వాత నాతో నెమ్మదిగానే అన్నారు. "కథ బాగానే ఉండి ఉంటుంది బాబూ. నువ్వు మాత్రం మళ్ళీ ఈ మెట్లెక్కకు."

ఎక్కడెక్కడో తిరిగి గదికొచ్చేసరికి నాలుగైంది. మెట్ల మీదికే వినిపిస్తోంది, టక్, టక్. ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. లోపలికి పోయి ప్రింటర్‌ను రెండు చేతులతో ఎత్తాను, మేడ మీంచి విసిరేద్దామని. ఓనరాంటీ అడ్డం పడింది. "వద్దు బిడ్డా! అత్తమ్మ బతికున్నన్ని దినాలు నా చేత్తోని ఒక్క ఆకు ఇయ్యలే. సతాయిస్తదని కోపంతోని ఆకులు దాచిపెట్టిన. ఇప్పుడన్న పెట్టనీ." దించేశాను. ఇంకేం చెయ్యను? నెల తిరక్కుండా బావ చెప్పిన ఉద్యోగంలో చేరి, ప్రింటర్‌ను ఆ గదిలోనే వదిలేసి, మాదాపూర్‌కు మారిపోయాను.

చాలా ఏళ్ళ తర్వాత మొన్నామధ్య ఆ వీధిన వెళ్తూ ఆగాను. ఓనరాంటీ జుట్టంతా నెరిసిపోయింది. ఆ గది ఎవరికీ అద్దెకివ్వలేదట. మేడ మీదికి తీసుకెళ్ళింది. అదే మూల, అదే బల్ల, బొట్టు పెట్టించుకుని నా ప్రింటర్. "రోజూ నాలుగింటికి దంచుతది బిడ్డా, నిన్న గూడ దంచింది" అంది సంతోషంగా. కరెంటు కోతలు పోయి ఎన్నాళ్ళయింది, ఇప్పుడెలా మోగుతుందా అని వంగి వెనక్కి చూశాను. తీగను ఎలుకలు ఎప్పుడో కొరికేశాయి. జానెడు ముక్క మాత్రం వేలాడుతోంది, ప్లగ్గే లేదు.

గడియారం చూసుకున్నాను. నాలుగుకు అయిదు నిమిషాలు తక్కువ. సెంటిమెంట్లు లేని ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొచ్చింది, పాపం అనిపించింది కూడా. ఓనరాంటీ చేతిలోంచి ఒక ఆకు తీసుకుని, నా చేత్తోనే ప్రింటర్ ముందు పెట్టాను. "జర లేటైంది అత్తమ్మా" అన్నాను. తర్వాత గబగబా మెట్లు దిగాను. దిగుతూ చెవులు మూసుకున్నావా అని మీరడిగితే, మూసుకున్నాననే చెప్పాలి.