బాపు ముందే నవ్విన సినిమా

మా చిన్నప్పుడు... సూరత్‌లో, భేస్తాన్‌లోని మా వరుస గదుల్లో, రాజవ్వత్త ఇంట్లో సినిమాకని వీడియో డెక్కు పెట్టిన ఒక మధ్యాహ్నం. నేల మీద చాపలు. ముందు పిల్లలు, వెనక ఆడవాళ్ళు, గోడకు ఆనుకుని ఇద్దరే మగవాళ్ళు... మా బాపు, రాజవ్వత్త భర్త నర్సయ్య మామ. మిగతావాళ్ళంతా మరమగ్గాల కార్ఖానాలో డ్యూటీ మీద ఉన్నారు.

నేను పిల్లల్లో కూర్చోలేదు. బాపు కాళ్ళ దగ్గర కూర్చున్నాను. నా చెయ్యి ఆయన పాదం మీద ఉంది.

అవ్వ పెట్టిన పని అది. మేం అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాళ్ళం. "అందరు నవ్వంగనే బాపు కాలు ఒత్తు. మరిచిపోకు బిడ్డా" అని ఇంట్లోనే చెప్పి తీసుకొచ్చింది.

ఎందుకంటే... బాపుకు చెవులు వినపడటం లేదు.

ఆ సంగతి మాకు తెలిసి నెల కూడా కాలేదు. అంతకుముందు పిలిస్తే పలకకపోతే నా మీద కోపం అనుకున్నాను. ఇంట్లో పెద్దదాన్ని కదా, ఏదో తప్పు చేసి ఉంటానని చెల్లెకు కూడా చెప్పకుండా లోలోపలే కుమిలాను.

కార్ఖానాలో మాత్రం ఎవరికీ అనుమానం రాలేదు. ఎట్లా వస్తుంది? ఆ మగ్గాల చప్పుడులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అందరూ పెదవులు చూసి, చేతులు చూసి మాట్లాడుకుంటారు. అక్కడ బాపు అందరిలాంటివాడే. ఇంటికొస్తేనే చెవిటివాడు.

కానీ మగ్గం చప్పుడు మారితే పనివాడు పసిగట్టాలి. చెవులు పోయినవాడు బట్ట పాడుచేస్తాడని సేటు తీసేస్తాడు. మళ్ళీ మూట కట్టుకుని మా ఊరికి పోవాలి... మా బడి, మా గది, అన్నీ వదిలేసి. నర్సయ్య మామది కూడా అదే కార్ఖానా. "మామకు తెలిసిందంటే అందరికి తెలిసినట్టే" అని అవ్వ భయం. సినిమాకు రాకపోతే ఎందుకు రాలేదంటారు... వస్తే ఇదిగో, ఇదీ తిప్పలు.

నేను కళ్ళు మూసుకుని మొక్కుకున్నాను. "రాజన్నా... మా బాపు నవ్వాల్సిన చోటే నవ్వాలి." ఇన్నేండ్లలో ఎన్నో మొక్కాను గానీ, అట్లాంటి మొక్కు మళ్ళీ మొక్కలేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే... నిన్న మా చెల్లె బిడ్డ ఆ సినిమా మీద ఎవరో రాసిన రివ్యూ ఫోనులో పంపింది. "పెద్దమ్మా, నువ్వెప్పుడు చెప్పే సినిమాను ఏక్‌దమ్ ఉతికేసిండు చూడు" అని, కింద నవ్వు బొమ్మలు.

చదివాను. రెండుసార్లు చదివాను. కథలో పస లేదన్నాడు... నిజమే. రెండో సగం సాగిందన్నాడు... అదీ నిజమే. కానీ ఇంకో మాట రాశాడు. అందులో నటులంతా చెవిటివాళ్ళకు చెప్తున్నట్టు నోళ్ళు ఇంతింత తెరిచి మాట్లాడతారట. అది నటనే కాదట.

అక్కడ నేను ఒప్పుకోను.

ఆ సినిమాలో హీరో అద్దెగదిలో ఒక బర్రెను దాచిపెడతాడు. ఇంటాయన వచ్చి తలుపు దగ్గర నిలబడి ఏదో అడుగుతాడు... సరిగ్గా అక్కడికి రాగానే, చేతులు మారి మారి అరిగిన క్యాసెట్టు గరగరమంది. మాట పోయింది. బొమ్మ మాత్రం నడుస్తోంది.

"ఏమన్నడు? ఏమన్నడు?" అని అందరూ.

ఎవరూ నవ్వలేదు. నేను కాలు ఒత్తలేదు. అయినా వెనక నుంచి బాపు పకపకా నవ్వాడు!

నవ్వకూడని చోట నవ్వాడు... దొరికిపోయాం అనుకున్నాను. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

భయపడుతూ వెనక్కి తిరిగి చూద్దును కదా... నవ్వుతున్నది బాపు ఒక్కడే కాదు. నర్సయ్య మామ కూడా, పొట్ట పట్టుకుని.

"మీ ఇద్దరికే ఎట్ల ఇనవడ్డదయ్యా? మాకు గూడ జర చెప్పుండ్రి" అంది రాజవ్వత్త.

మామ చెప్పాడు. "లోపల గా సప్పుడు ఎవలది అని అడిగిండు ఇంటాయన. మా అత్తగారిదండి అన్నడు. ఆమె ఏం చేస్తది అంటే... రెండు పూటల పాలిస్తది అన్నడు!"

గదంతా ఘొల్లుమంది. "ఏందీ, మా అవ్వనేనా అనుడు?" అని రాజవ్వత్త మామ మీదికి విసనకర్ర విసిరింది.

ఆ గోలలో ఆ ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మామ గొంతు లేకుండా పెదవులు కదిపాడు. కార్ఖానావాళ్ళ పిల్లలం... ఆ భాష మాకూ కొంచెం వచ్చు.

"నీయి గూడ పోయినయా?"

బాపు తల వంచుకున్నాడు.

మామ తన చెవి పట్టుకుని చూపించాడు. "నాయి పోయి రెండేండ్లాయె. రాజవ్వకు గూడ ఎర్కలేదు. కావాల్నని ఇంటలేననుకుంటది."

ఆ తర్వాత ఇద్దరూ అడిగి మరీ పక్కపక్క మగ్గాలు తీసుకున్నారు. ఒకరి మగ్గం మీద ఇంకొకరి కన్ను. మా చదువులయ్యేదాకా ఇద్దరూ పనిచేశారు.

ఆ రివ్యూ రాసిన ఆయనకు నా మీద కోపం రాకూడదు. వాళ్ళు అంత నోరు తెరిచి మాట్లాడారు కాబట్టే, మా బాపు ఆ గదిలో అందరికంటే ముందు నవ్వాడు. అంతకంటే మంచి నటన నాకు తెలియదు.

ఇప్పటి సినిమాల్లో పెదవి కదలదు... చీకట్లో పక్కకు తిరిగి గొణుగుతారు. నేనూ ఆ తర్వాత ఏండ్ల తరబడి మగ్గాల మధ్య నూలు కండెలు చుట్టినదాన్నే. ఈమధ్య మాటలు సగమే అందుతున్నాయి. టీవీకి దగ్గరగా జరిగి కూర్చుంటున్నాను. ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు...

మీ ఇంట్లో కూడా, ఎవరూ మెచ్చని సినిమా ఏదైనా మీ వాళ్ళకు అక్కరకొచ్చి ఉంటే... కింద రాయండి. అన్నీ చదువుతాను. చదవడానికి చెవులతో పనిలేదు కదా.