ప్యాటీలు గుండ్రంగా వచ్చినందుకు

ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా కనబడదు. ఫ్యాక్టరీలో అందరూ కొలబద్ద అంటారు. ఆ పేరు గేటు దాటి, బస్సెక్కి, ఇంటిదాకా వచ్చేసింది. ఇప్పుడు మొగుడు కూడా ముద్దొచ్చినప్పుడు అలాగే పిలుస్తాడు. కోపమొచ్చినప్పటి సంగతి చెప్పనే అక్కర్లేదు.

పేరు ఊరికే రాలేదు. అది బర్గర్ ప్యాటీలు చేసే ఫ్యాక్టరీ. చల్లటి ఖీమా ఒక పక్క నుంచి యంత్రంలోకి పోయి, రెండో పక్క నుంచి గుండ్రటి బిళ్ళలై బెల్టు మీద బారులు తీరి వస్తుంది. బెల్టు చివర కొలబద్ద నిలబడి ఉంటుంది. పద్నాలుగేళ్ళుగా ఆమె పని ఒక్కటే, వంకరదాన్ని ఏరెయ్యడం. అంచు చిట్లిందా, తీసెయ్. ఒక పక్క దళసరైందా, తీసెయ్. మడత పడిందా, తీసెయ్. కళ్ళు చూసేలోపే చెయ్యి తీసేస్తుంది. స్వెట్టరు మీద కోటు, కోటు మీద ప్లాస్టిక్ ఏప్రాన్, రెండు జతల గ్లవ్స్. అయినా సాయంత్రానికి వేళ్ళు తనవి కానట్టే ఉంటాయి. ఆ చలిలోంచి మధ్య మధ్యలో వేడి గదిలోకి పోనివ్వమని యూనియన్ మూడేళ్ళు కొట్లాడితే పది నిమిషాలు దక్కాయి. ఆ పది నిమిషాల్లోనూ ఆమె టీ కప్పుల చెవులన్నీ ఒకే వైపుకు తిప్పి పెడుతుందని తోటివాళ్ళ ఫిర్యాదు.

ఇంట్లో గడప దగ్గర చెప్పులు సిపాయిల్లా నిలబడతాయి. దుప్పటి అంచు మంచానికి రెండు పక్కలా సమానంగా దిగుతుంది. మొగుడు సిటీ బస్సు డ్రైవరు. "స్టాపులో నా బస్సు కూడా ఇంత తిన్నగా ఆగదు" అంటాడు.

ఇలాంటి మనిషి వెళ్ళి పడింది ఎలాంటి కుటుంబంలో అనుకున్నారు? కొన్న ప్యాటీ అంటే ముఖం తిప్పేసుకునే కుటుంబంలో. "ఎవరెవరు చేతులు పెట్టారో ఏమో, అది నోట్లో పెట్టుకోమంటారా?" అంటుంది అత్తగారు. ఆ చేతులే రోజూ తన మాత్రలు తీసి ఇస్తున్నాయని ఆవిడకు తట్టదు.

ఈ విషయంలో జెండా పట్టుకున్నది మాత్రం ఆడపడుచు. మొగుడికి అక్క, కొలబద్దకు వదిన. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. ఆదివారాలు ఒక వారం వాళ్ళింట్లో, ఒక వారం వీళ్ళింట్లో అందరూ కలిసి తింటారు. వదిన ఇంటి వంతు వస్తే బర్గర్లే. ఆవిడ చేసే ప్యాటీల్లో ఏ రెండూ ఒక్కలా ఉండవు. ఒకటి కుక్క చెవిలా ఉంటే ఇంకొకటి అరిగిన చెప్పులా ఉంటుంది. అత్తగారు వాటిని చూసి మురిసిపోతుంది. "చేత్తో చేసింది చూస్తేనే తెలుస్తుందమ్మా!" వీళ్ళింటి వంతు వస్తే మొగుడు బజారు నుంచి కాల్చిన కోడి తెస్తాడు. అత్తగారు నిట్టూరుస్తూనే రెండు కాళ్ళూ తింటుంది.

ఒకరోజు ఆ నిట్టూర్పుకు తోడు మాట కూడా వచ్చింది. "ఈ ఇంట్లో చేత్తో చేసిన ప్యాటీ ఒక్కటి తినే పోతానో, తినకుండానే పోతానో."

కొలబద్దకు పౌరుషం వచ్చింది. తర్వాతి వంతు ఆదివారం పొద్దున్నే ఖీమా తెచ్చింది. ఉల్లిపాయ తురిమి, నీళ్ళు పిండేసి కలిపింది. పిసికితే గట్టిపడుతుందని వేళ్ళ కొసలతోనే కలిపింది. ఉప్పు ముందే పడితే బిగుస్తుందని పెనం ఎక్కించబోతూ చల్లింది. కాలేటప్పుడు ఉబ్బకుండా ఒక్కోదాని నడుమ బొటనవేలితో చిన్న గుంట నొక్కింది. పన్నెండేళ్ళ కూతురు పక్కన నిలబడి అంతా చూసింది.

పళ్ళెం తెచ్చి బల్ల మీద పెట్టింది. పన్నెండు ప్యాటీలు. పన్నెండూ ఒకే అచ్చు.

వదిన ఒకదాన్ని ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏ కొట్లో కొన్నావే?" అంది వదిన.

"కొనడమేంటి వదినా? నేనే చేశాను."

అత్తగారు కళ్ళజోడు పెట్టె తెచ్చి ఒకదాని మీద ఆనించి కొలిచింది. ఇంకోదాని మీద ఆనించింది. "అమ్మాయ్, చేత్తో చేస్తే ఇలా వస్తాయా? కొన్నానని చెప్తే మేమేమన్నా కొడతామా?"

"నేను చూశాను నాన్నమ్మా! అమ్మే చేసింది" అంది కూతురు.

"పాపం, పిల్లకు కూడా నేర్పించిందిరా" అని వదిన తమ్ముడి వైపు చూసింది. ఆ తమ్ముడు టమాటాలు కోయడంలో మునిగిపోయాడు. అన్ని టమాటాలు ఎవరికీ అక్కర్లేదు.

"నా చేతులతో చేశాను" అని కొలబద్ద ఇంకోసారి అంది. ఎవరూ నమ్మలేదు. పన్నెండూ తినేశారు మాత్రం.

ఆ రోజు ఆమెను కుదిపింది వంట సంగతి కాదు. పెళ్ళయిన పదిహేనేళ్ళలో ఆ ఇంట్లో ఒక్క అబద్ధం ఆడలేదు. ప్యాటీలు గుండ్రంగా వచ్చిన పాపానికి ఆమె మాటకు విలువ లేకుండా పోయింది.

సోమవారం వేడి గదిలో ఈ సంగతి విని, యంత్రం నడిపే పెద్దావిడ పొట్ట పట్టుకుని నవ్వింది.

"వంకరగా చెయ్యలేకపోయావా కొలబద్దమ్మా?"

"చేశానక్కా. రాత్రి మిగిలిన ఖీమాతో చేశాను. వంకరగా పెడతాను, చెయ్యి దానంతటదే సర్దేస్తుంది. నేనేం చెయ్యను?"

ఆ బుధవారం యంత్రం మొరాయించింది. అచ్చు పలకను తుడిచే రబ్బరు పట్టీ ఒక మూల తెగి, గంటసేపు ప్రతి ప్యాటీ అంచూ నాలుక మడతపెట్టినట్టు ముడుచుకుని వచ్చింది. కొలబద్ద రెండు చేతులా ఏరింది. ఏరినవన్నీ పేరు లేని తెల్ల కవర్లలోకి పోయాయి. వంకర సరుకును పారెయ్యరు. మార్కెట్ వెనక ఒక చిన్న కొట్టులో చవగ్గా అమ్ముతారు. రుచిలో తేడా ఏమీ ఉండదు. అందం తక్కువని మనుషుల్ని పక్కన పెట్టే లోకం ప్యాటీని మాత్రం వదిలిపెడుతుందా?

ఆదివారం వచ్చింది. వదిన ఇంటి వంతు. పెనం మీద చప్పుడు వింటూ కొలబద్ద మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి పక్కన పళ్ళెంలో ఇంకా కాల్చని ప్యాటీలు వంకరటింకరగా ఉన్నాయి. అలవాటు కొద్దీ ఆమె చెయ్యి ఒకదాన్ని పట్టుకుని పక్కన పెట్టేసింది. అప్పుడు చూసింది.

అంచున నాలుక మడత.

తిరగేసింది. అడుగున సూది మొనల్లా చుక్కలు బారుగా ఉన్నాయి. అచ్చు పలక గుర్తులు. వంకర ఎంత ఉన్నా, మందం మాత్రం మొదటి నుంచి చివరిదాకా ఒక్కటే. ఇంత వంకరగా చేసే చేతికి మందం మాత్రం అంత సమంగా రాదు.

"వదినా," అంది నెమ్మదిగా, "ఇది బుధవారం నేను ఏరేసింది."

వదిన చేతిలో గరిటె ఆగింది. ముందు బుకాయించబోయింది, తర్వాత గబగబా వెళ్ళి తలుపు దగ్గరికి వేసింది.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది కొలబద్ద.

"మూడేళ్ళు." వదిన గొంతు తగ్గింది. "ఆరు రోజులు తడి దుప్పట్లు లాగి లాగి ఈ మణికట్టు చూడు, తిరగదు. ఏడో రోజు కూర్చుని ఖీమా కలపమంటే ఎలా చచ్చేది? అమ్మేమో అదే కావాలంటుంది. ఒక్క వారానికే కదా అనుకున్నాను. 'ఈసారి ఇంకా బాగున్నాయే' అన్నారు. ఇక అక్కడి నుంచి..."

కొలబద్దకు కోపం రావాల్సింది, కానీ ముందు నవ్వొచ్చింది. మూడేళ్ళుగా ఆహా ఓహో అని తిన్నదంతా తాను పనికిరావని పక్కన పడేసిన సరుకే. ఇంటి వంట ఇంటి వంట అని జపం చేసేవాళ్ళు ఆ వంట ఎవరి మణికట్టు మీద నడుస్తోందో ఒక్కనాడైనా అడిగారా?

నవ్వు ఆగాక అడిగింది. "నీ సంగతి సరే వదినా. నా మాట ఏం కాను?"

"చెప్పేస్తావా?"

"నేను చెప్తే ఎవరు నమ్ముతారు? పోయిన వారమే నన్ను అబద్ధాలకోరును చేసి పెట్టావుగా."

వదిన పెనం వైపు చూస్తూ ఉండిపోయింది. ఒక ప్యాటీ మాడింది.

బల్ల దగ్గర అత్తగారు మొదటి ముక్క కొరికి కళ్ళు మూసుకుంది. "చేతి వంటంటే ఇదీ. అమ్మాయ్, చూసి నేర్చుకో."

"చూశానత్తయ్యా. బుధవారమే చూశాను."

వదినకు పొలమారింది. నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టింది. "అమ్మా, అవి కొన్నవి."

"ఏవి?"

"నీ చేతిలోవి. మూడేళ్ళుగా తింటున్నవన్నీ. పోయిన వారం మరదలు పెట్టినవి మాత్రం అది చేసినవే. అబద్ధాలకోరును నేనూ, మాట పడింది అదీనూ."

తమ్ముడు మళ్ళీ టమాటాల కోసం చూశాడు కానీ అవన్నీ అప్పటికే కోసి ఉన్నాయి.

అత్తగారు నోట్లోది నమిలి మింగింది. కోడలి వైపు చూసింది. "అయితే నువ్వు నిజమే చెప్పావన్నమాట."

"అవునత్తయ్యా."

"నా తప్పేముందే? అంత గుండ్రంగా ఉంటే నిజమైనా అబద్ధంలాగే కనబడుతుంది." కాసేపాగి, "ఊరికే అన్నాన్లే, తప్పు నాదే" అంది. ఆవిడ నోట ఆ ముక్క రావడం కొడుక్కి తెలిసి అదే మొదటిసారి. తర్వాత పళ్ళెం ముందుకు జరిపింది. "ఇంకోటి వెయ్యి. కొన్నదైతే మాత్రం, చల్లారిపోదూ?"

"మరి వచ్చే వారం ఎవరు చేస్తారు?" అన్నాడు కొడుకు. అనకుండా ఉండాల్సింది. అక్కా, పెళ్ళామూ ఒకేసారి అతని వైపు తిరిగారు.

తర్వాతి ఆదివారం సిటీ బస్సు డ్రైవరు మోచేతుల దాకా ఖీమా పూసుకుని నిలబడ్డాడు. అతను చేసిన మొదటి ప్యాటీ ఏ ఆకారంలో ఉందో చెప్పడానికి భాష చాలదు. రెండోది ఎత్తుతుంటేనే రెండైంది. కూతురు పక్కనుంచి "పిసక్కు నాన్నా, వేళ్ళ కొసలతో" అని పాఠం చెబుతోంది. అత్తగారు కళ్ళజోడు పెట్టె చేత్తో పట్టుకుని కాచుకుని ఉంది కానీ కొలవడానికి ఏ వైపు నుంచి మొదలుపెట్టాలో తెలియలేదు.

కొలబద్ద కుర్చీలో కూర్చుని ఉంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఒక నిమిషం ఓర్చుకుంది. రెండో నిమిషానికి కుడిచెయ్యి దానంతటదే లేచి, పళ్ళెంలో అంచు చిట్లినదాని వైపు వెళ్ళింది.

వదిన ఆ చేతి మీద ఠపీమని ఒకటి వేసింది.

"వదిలెయ్యవే. ఇవాళ ఆదివారం."