మామ్మ భూస్థాపన ఫొటోకి నేను పెట్టిన ఆకాశం

తాడేపల్లిగూడెంలో నేను పనిచేసిన స్టూడియోలో కంప్యూటరు ముందు కూర్చునేది నేనొక్కడినే. ఏలూరులో కోర్సు చేసి వచ్చాను కాబట్టి మా ఓనరు గారికి నేనంటే కొంచెం గౌరవం, నాకు నేనంటే చాలా గౌరవం. ఫిల్ము రోళ్లు పోయి డిజిటల్ కెమెరాలు వస్తున్న రోజులవి. పెళ్లికూతురి మొహం తెల్లగా చెయ్యడం, గొలుసుకి మెరుపు పెట్టడం ఊళ్లో అందరూ చేసేవారు. నా ప్రత్యేకత ఆకాశం.

మా వైపు శ్రావణమాసం పెళ్లిళ్లకి ఆకాశం ఉతికి ఆరని పంచెలా ఉంటుంది. ఫొటోలో పాలిపోయి పడుతుంది. దాన్ని ఫొటోషాప్‌లో అంచులు చూసుకుంటూ కత్తిరించి తీసేసి, అక్కడ నీలం ఆకాశం అతికించేవాణ్ణి. నా దగ్గర ఒక ఫోల్డరు నిండా ఆకాశాలుండేవి. దూదిమబ్బులది ఒకటి, సాయంత్రం ఎరుపుది ఒకటి, కొంగలు ఎగిరేది ఇంకొకటి. గణపవరం నుంచి వచ్చినవాళ్లు కూడా "ఏవండీ, మా అమ్మాయి పెళ్లికి ఆ దూదిమబ్బులే వెయ్యండి" అని అడిగి వేయించుకునేవారు. ఒకే మబ్బు ఎన్ని పెళ్లిళ్ల మీద నిలబడిందో నాకే తెలీదు. ఆల్బం తిప్పేవాళ్లు చీరలు చూస్తారు, భోజనాల ఫొటోల్లో తమ మొహం వెతుక్కుంటారు, ఆకాశాన్ని ఎవరూ చూడరని నా ధీమా.

మాది కొల్లేరు ఒడ్డున లంక ఊరు. మిషను కాలం నాటి చర్చి చుట్టూ ఉన్న పేట మాది. నాన్న చేపల చెరువుల మీద పనిచేసేవాడు. ఆయనకి ఒక్కతే చెల్లెలు. మామయ్య పోయాక అత్త కువైట్ వెళ్లి ఒక ఇంట్లో వంటకి కుదిరింది. వాళ్లిద్దరి అమ్మ, అంటే మా మామ్మ, మా ఇంట్లోనే ఉండేది. అత్త ఫోను చేస్తే ముందు మామ్మకే ఇమ్మనేది. మామ్మకి చెవుడు, అయినా ఫోను చెవికి పెట్టుకుని "తిన్నావా, తిన్నావా" అని తనే అడుగుతూ ఉండేది.

మామ్మ వాయుగుండం రోజుల్లో పోయింది. గణపవరంలో ఒక ఫంక్షను తీసి, ఆమెకి బాగాలేదని తెలిసి కెమెరా సంచితోనే ఇంటికొచ్చాను. మర్నాడు పొద్దున్నే ఆమె ప్రాణం పోయింది. అత్తకి చెబితే, యజమానురాలి కాళ్లావేళ్లా పడి సెలవు సంపాదించింది. "ఎల్లుండికి వచ్చేస్తాను అన్నయ్యా. నేనొచ్చేదాకా అమ్మని ఉంచండి. ఒక్కసారి మొహం చూసుకుంటాను" అంది. నాన్న ఉంచుతానని మాటిచ్చాడు.

ఊళ్లో కరెంటు లేదు. తాడేపల్లిగూడెం నుంచి ఐసు పెట్టె తెస్తున్న వ్యాను దారిలో నీళ్లు చూసి వెనక్కి తిరిగిపోయింది. మధ్యాహ్నానికి కొల్లేరు రోడ్డెక్కింది. సమాధుల తోట అంచు దాకా వచ్చేసింది. "రేపటికి గొయ్యి తియ్యడానికి తోటలో చోటుండదండీ" అన్నారు పాస్టరు గారు. నాన్న మళ్లీ ఫోను చేశాడు. "నీళ్లొచ్చేస్తున్నాయమ్మా. నా చేతుల్లో లేదు."  అయితే ఫొటో అయినా పంపమంది అత్త. ఇక వచ్చి ఎవర్ని చూడాలని ప్రయాణం మానుకుంది.

మా పేటలో భూస్థాపనకి ముందు శవపెట్టె మూత తీసి ఉంచి, ఇంటివాళ్లంతా చుట్టూ నిలబడి ఒక ఫొటో దిగుతారు. రాలేకపోయినవాళ్లకి అదే కడసారి చూపు. చర్చి ముందు పెట్టెని బల్లల మీద పెట్టారు. నాన్న పంచె ఎగ్గట్టి చీలమండల లోతు నీళ్లలో నిలబడ్డాడు. గొడుగుల నీడ మొహాల మీద పడుతోందని, వాటిని కాసేపు పక్కకి తియ్యమన్నాను. వానలో అందరూ నా మాట విని నిలబడ్డారు.

గూడెం వెళ్లాక ఆ ఫొటో తెరిచి కూర్చున్నాను. అత్త కోసం బాగా చెయ్యాలనుకున్నాను. అది నిజమే, కానీ చెప్పుకోవడానికి కూడా ఇప్పుడు నాకు సిగ్గుగా ఉంది. ఆకాశం చెరువు అడుగు మట్టిలా ఉంది. తీసేసి దూదిమబ్బులు వేశాను. మొహాలకి వెలుగిచ్చాను. ఆ వెలుగుకి తడిసిన బట్టలు పట్టుబట్టల్లా మెరిశాయి. కింద బురదనీళ్లు చూడలేక పెట్టె అంచు దాకా కత్తిరించేశాను. అదే ఫైలు మీద సేవ్ చేసి, మర్నాటి పెళ్లి కోసం కెమెరా కార్డు ఖాళీ చేశాను. బాగున్నది చేతిలో ఉండగా బాగాలేనిది దాచడమెందుకన్నది మా స్టూడియో పద్ధతి.

ఇంట్లో ఫ్రేము కట్టించి గోడకి పెట్టారు. పరలోకం తెరుచుకున్నట్టుందన్నారు పాస్టరు గారు. ఆ రోజు తడిసి ముద్దయినవాళ్లే వచ్చి చూసి బాగుందన్నారు. నేను పొంగిపోయాను. అత్తిలి నుంచి కువైట్ వెళ్తున్న ఒకావిడ చేత ఒక కాపీ, ఆవకాయతో పాటు అత్తకి పంపాం.

ఆ తర్వాత అత్త ఫోన్లు తగ్గాయి. చేసినా రెండు మాటలు పొడిపొడిగా మాట్లాడి పెట్టేసేది. "పనెక్కువైందేమో పాపం" అనేవాడు నాన్న.

మరుసటి వేసవిలో అత్త సెలవు మీద వచ్చింది. ముందు సమాధుల తోటకి వెళ్లి వచ్చింది. కాళ్లు కడుక్కుని లోపలికొచ్చి, మంచినీళ్లు కూడా తాగకుండా ఆ ఫ్రేము ముందు నిలబడింది.

"ఆ రోజు వానన్నావు కదా అన్నయ్యా."

"అవునమ్మా."

"ఏదీ వాన?"

నాన్నకి అర్థం కాలేదు. నాకైంది. 

"ఈ ఫొటో చూసి అక్కడ నాతో పనిచేసే ఆవిడ, ఎండ ఎంత బాగా కాసిందో అంది. చుక్క నీళ్లు లేవు, ఒక గొడుగు లేదు. ఇంత మంచి రోజున అమ్మని ఇంకొక్క రోజు ఉంచలేకపోయారా? నేనంత పరాయిదాన్నయ్యానా?"

నాన్న ఆ ఫొటోని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.  ఆయన చెల్లెలు ఇన్ని నెలలుగా ఆయన్ని అబద్ధాలకోరనుకుంటోంది. నేను కల్పించుకున్నాను.

"అత్తా, ఆకాశం నేను మార్చాను."

"ఆకాశం మార్చడమేంట్రా?"

చెప్పాను. ఎలా కత్తిరిస్తామో, ఎలా అతికిస్తామో. స్టూడియోలో గొప్పగా చెప్పుకునే ఆ విద్య మా ఇంట్లో, మామ్మ ఫొటో ముందు, దొంగతనం ఒప్పుకుంటున్నట్టు వినిపించింది. అత్త జాలిగా చూసింది. "మీ నాన్న పరువు కోసం చెబుతున్నావు. చచ్చిపోయిన మనిషి ఫొటోకి ఎవరైనా అలా చేస్తారా? సరే, మార్చనిది చూపించు."

"స్టూడియోలో ఉంది, తెస్తాను" అనేశాను.

నాన్న నాతో పాటు బస్సు ఆగే చోటుదాకా వచ్చాడు. నిజంగా ఉందా అని అడిగాడు. లేదన్నాను. "లేకపోతే లేదనే చెప్పరా. నమ్మితే నమ్ముద్ది, లేకపోతే లేదు. దాని దగ్గర నేనేనాడూ ఒక్క అబద్ధం చెప్పలేదు" అన్నాడు. నేను తలూపి బస్సెక్కాను.

స్టూడియోలో ఫోల్డరంతా వెతికాను. అన్నీ నీలాలే. ఫొటోల్లో పడ్డ ప్రతి మసక ఆకాశాన్నీ నా చేత్తో నేనే పారేశాను కదా, ఇంకెక్కడ దొరుకుతుంది. మేడ మీదకెళ్లి చూస్తే మాడు పగిలే ఎండ. చివరికి పక్కనున్న బియ్యం మిల్లు గొట్టంలోంచి వచ్చే పొగని ఫొటో తీసి, మసక చేసి, మామ్మ ఫొటోలో దూదిమబ్బులు తీసి ఆ చోట పరిచాను. సన్నగా వాన గీశాను. బాగా కుదిరింది. కుదిరినందుకు ఒక క్షణం సంతోషపడ్డాను కూడా. అది తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఇంటికి తెచ్చి అత్త చేతికిచ్చాను. ఆమె వాకిట్లో వెలుగులోకి వెళ్లి చూసింది.  "ఇంత వానలోనా అమ్మని తీసుకెళ్లింది" అంది. తర్వాత నాన్న వైపు చాచింది.

"ఇదేనా అన్నయ్యా, ఆ రోజు తీసింది?"

నాన్న ఫొటో తీసుకుని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. కాదని నేను అనొచ్చు. అనలేదు. అత్త అప్పటికే ఏడుస్తోంది.

"ఇదేనమ్మా" అన్నాడు నాన్న.

అత్త ఆయన చేతులు పట్టుకుంది. నిన్ను ఎన్ని మాటలనుకున్నానో, క్షమించన్నయ్యా అని ఒకటే ఏడుపు. నాన్న ఆమె తల నిమురుతూ గోడకేసి చూస్తూ ఉండిపోయాడు. ఆ రోజు వాన పడింది. నీళ్లొచ్చాయి. ఆయన చెప్పిందంతా నిజం. ఆ నిజం కోసం ఆయన చేత అబద్ధమాడించాను.

నన్ను ఆయన తిట్టలేదు. రెండు రోజుల తర్వాత చెరువు గట్టు మీద, చేపల మేత బస్తా దింపుతూ, "ఇంట్లోవాళ్ల ఫొటోలు ఇంక నువ్వు తియ్యకురా" అన్నాడు, మెల్లగా.

సెలవైపోయి అత్త బయల్దేరిన రోజున మిల్లు పొగ ఫొటోని చీరల మధ్య భద్రంగా పెట్టుకుంది. నాన్న సంచి మోసుకొచ్చి బస్సులో పెట్టి, కిందకి దిగి తల వంచుకుని నిలబడ్డాడు. అత్త కిటికీలోంచి వంగి, "నా మీద ఇంకా కోపం పోలేదా అన్నయ్యా, ఒక్కసారి ఇటు చూడు" అంది. నాన్న తలెత్తలేదు. ఆయనది కోపం కాదు అత్తా అని చెప్పడానికి బస్సు కదిలేదాకా నాకు వ్యవధి ఉంది. నేను చెప్పలేదు.