సాఫ్ట్ డైట్‌కు గడువు రాయని చీటీ

నా నోటుపుస్తకంలో ఉన్నవి ఉన్నట్టుగా రాస్తున్నాను.

ఆపరేషన్ అయిన నాలుగో రోజు: డిశ్చార్జ్ చీటీపై "సాఫ్ట్ డైట్, కంటిన్యూ" అని రాశారు. ఎన్నాళ్లో రాయలేదు.
మూడో నెల చెకప్: బరువు చూసి "బాగా తగ్గారు, ఇలాగే ఉండండి" అని పంపేశారు. ఏం తింటున్నారని అడగలేదు.
ఏడాది చెకప్: అదే మాట.
ఐదో ఏడు, శ్రావణమాసం: "ఇన్నాళ్లు సాఫ్ట్ డైట్ ఎవరు తినమన్నారు?" అని మమ్మల్నే అడిగారు.

నేను మాచర్ల దగ్గర రాళ్ల క్వారీలో కాటా గుమాస్తాగా పనిచేసి విరమించాను. తూకం రాయకుండా ఏ లారీనీ గేటు దాటనివ్వలేదు. రోగి నా భార్య సామ్రాజ్యం. రాస్తున్నది నేను.

ఆపరేషన్‌కు ముందు ఒకనాటి ఉదయం గురజాలలో పెళ్లికి బయలుదేరాం. బస్సు మొదటి మెట్టు మీదికి ఆమె కాలు లేవలేదు. కండక్టరు చేయి అందించినా లేవలేదు. "నువ్వు పోయిరాయ్యా, నా వల్ల గాదు" అని వెనక్కి తిరిగింది. అప్పటికి ఆమె నూట పన్నెండు కిలోలు. పదేళ్లుగా షుగర్ ఉంది. మోకాళ్ల డాక్టరు ముందు బరువు తగ్గించుకుని రమ్మన్నాడు.

గుంటూరులో ఒక ఆస్పత్రిలో రక్త పరీక్షలు, స్కానింగ్, ఎండోస్కోపీ చేశారు. బరువు తగ్గించే ఆపరేషన్లు రెండు రకాలని డాక్టరు కాగితంపై రెండు బొమ్మలు గీశాడు. స్లీవ్ అంటే పొట్టను సన్నని గొట్టంలా మిగిల్చి తక్కినది తీసేయడం. బైపాస్ అంటే పొట్టను చిన్న సంచిలా చేసి, దానికి పేగును కలపడం. "షుగర్ పాతది కాబట్టి బైపాస్ కూడా ఆలోచించండి. స్లీవ్ కొంచెం చిన్న ఆపరేషన్" అన్నాడు. చిన్నది అన్న మాట పట్టుకుని మేము స్లీవ్‌కు ఒప్పుకున్నాం.

ఏడాదిలో డెబ్బై ఎనిమిదికి దిగింది. షుగర్ మాత్రలు సగమయ్యాయి. ఆ ఏడాది నేను రాసుకున్న అంకెలను ఇప్పటికీ తీసి చూస్తుంటాను.

పథ్యం పెట్టిన వైద్యుడే దాన్ని ఎత్తివేయాలన్నది మా పెంపకం. అంతవరకు ఇంట్లోవాళ్లు సొంతంగా సడలించకూడదు. అందువల్ల ఉదయం రాగిజావ, పదిగంటలకు టీలో నానిన రస్కు, మధ్యాహ్నం మెత్తటి పప్పన్నం, సాయంత్రం ఉప్మా. ఇంట్లో కోడికూర వండిన రోజున ఆమె విస్తరి పక్కన నేనే కాపలా కూర్చునేవాణ్ణి.

"ఒక్క ముక్క నమిలితే సస్తానా ఏంది?"

"చీటీలో లేదే."

మూడో ఏట బరువు పెరగసాగింది. నేను జావ తగ్గించాను. ఆమెకు ఆకలి పెరిగింది, రస్కులు పెరిగాయి. ఐదో ఏటికి నూట ఒకటి. షుగర్ మళ్లీ పెరిగింది. పడుకుంటే గొంతులోకి పులుపు ఎగదన్నేది.

ఆమె చెల్లెలు సుశీల వేరేచోట బైపాస్ చేయించుకుంది. ఒకనాడు వచ్చి మా వంటిల్లు చూసింది.

"ఏంది బావా, అక్కకు అన్నప్రాసన జేస్తన్నావా? మా డాక్టరు ముందు గుడ్డో చికెనో నమలమన్నాడు, అన్నం ఆఖర్న."

"నీ పళ్లకు పని దొరికింది. నా పళ్లు మీ బావ లాగా రిటైరైనయ్" అంది సామ్రాజ్యం.

సుశీల బరువు నిలకడగా ఉంది. అలాగని ఆమెకూ సుఖం లేదు. మిఠాయి తింటే చెమటలు పట్టి కళ్లు తిరుగుతాయి. ఐరన్ ఎక్కించుకోవడానికి ఆస్పత్రికి పోతూనే ఉంటుంది.

మళ్లీ గుంటూరు వెళ్లాం. డైటీషియన్ అమ్మాయి వివరించింది. మెత్తటి తిండి కొన్ని వారాలకే. తర్వాత నమిలి తినేది తింటేనే ఆ గొట్టంలో నిలిచి కడుపు నిండుతుంది. జావ జారిపోతుంది.

"ఇది అందరికీ తెలిసిందే కదా సార్."

"ఎవరికమ్మా?" అన్నాను. ఆ అమ్మాయి ఫైలు తిరగేసింది.

డాక్టరు మాత్రం మెత్తగా మాట్లాడాడు. "తిండి ఒక్కటే కారణం కాదు. స్లీవ్ తర్వాత కొందరికి బరువు తిరిగొస్తుంది, రిఫ్లక్స్, అంటే ఈ పులుపు ఎగదన్నడం కూడా వస్తుంది. రివిజన్, అంటే మళ్లీ ఆపరేషన్ చేసి బైపాస్‌గా మార్చవచ్చు."

తిండి మార్చి తొమ్మిది నెలలైంది. నాలుగు కిలోలు తగ్గి ఆగింది. ప్రతి సోమవారం తూకం రాస్తున్నాను. రాయడం తప్ప నా చేతిలో ఏమీ లేదు.

"తప్పు నీదో వాళ్లదో నాకనవసరం" అంది ఆమె. "మళ్లీ కోస్తామంటే, ఏది ఎన్నాళ్లు తినాలో ముందు రాసిమ్మను. నీకు గాదు, నాకు."

తోటి రోగులకు ఒక్క మాట. చీటీలోని ప్రతి సూచన పక్కన అది ఎప్పుడు ముగుస్తుందో, ఆ తర్వాత ఏం చేయాలో రాయించుకున్నాకే ఆస్పత్రి గేటు దాటండి.

ఇక ఆస్పత్రి యాజమాన్యానికి. సాఫ్ట్ డైట్ ఏ వారంతో ముగియవలసింది? రెండు చెకప్‌లలోనూ ఆ సంగతి ఎందుకు అడగలేదు? తిరిగి వచ్చిన బరువులో నేను పెట్టిన జావ వల్ల ఎంత, స్లీవ్ వల్ల ఎంత? ఈ మూడింటికీ, నా భార్య అడిగినదానికీ తెలుగులో, ఆమె పేరున, సంతకంతో రాతపూర్వకంగా జవాబు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. మూడో ప్రశ్నకు జవాబు తెలియకపోతే, తెలియదనే రాసి ఇవ్వండి. ఫోనులో చెప్పేది జవాబుగా స్వీకరించము. అది అందేవరకు రివిజన్ కన్సెంట్ ఫారంపై ఆమె సంతకం చేయదు.