పూతరేకులకు నేను చేసిన మర్యాద

మా ఎనుముకు ఈ మధ్య పొగరెక్కింది. ఉత్త గడ్డి వేస్తే మూతి తిప్పుకుంటాంది! తప్పు దానిది కాదు, నాది. ఎట్లంటే వినండి.

మా అన్న నంద్యాలలో బడిపంతులు. వదినది గోదావరి జిల్లా. మొన్న ఆళ్లగడ్డలో మా ఇంట్లో వాళ్ల పాపకు మొదటి పుట్టినరోజు. రెండు సీమల బిడ్డ గదా, ఒకే విస్తరిలో రెండు వైపుల వంటలూ ఉండాలని వదిన పట్టు. మా అమ్మ సంగటి, ఓళిగలు. వదినవాళ్లమ్మ పూతరేకులు. నంద్యాల స్టేషన్లో ఆమె రైలు దిగీ దిగక ముందే వదిన ఆ డబ్బా నా చేతిలో పెట్టింది.

"మా అమ్మ పరువు ఇందులో ఉంది మరిదిగారూ. వడ్డన మీదే. ఇంతకీ పూతరేకులు ఎప్పుడైనా తిన్నారా?"

"భలేదానివే! కర్నూలు రాజధాని అయినప్పటి నుంచి తింటానే ఉండా!"

శుద్ధ అబద్ధం. కానీ మాట జారినాక మళ్లీ అడిగేదెట్లా? ఆళ్లగడ్డ దాకా బస్సులో డబ్బాను చంటిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. "మీ గోదావరి తీపి మా సంగటి ముందు నిలవదులే" అని వదినను దారంతా ఏడిపించినాను కూడా.

విస్తర్లు వేసినారు. నేను వెనక వసారాలో డబ్బా మూత తీసినాను. లోపల అన్నీ పొట్లాలే! పల్చటి తెల్ల కాగితం మడతలు, మధ్యలో నేతిలో తడిసిన చక్కెర. ఎంత పొందికగా కట్టినారో అనుకుని ఒక్కొక్కటే విప్పి, చక్కెర గిన్నెలోకి దులిపినాను. కాగితాలు నెయ్యి వాసన కొడుతుంటే పారేయబుద్ధి కాలేదు. ఎనుము కుడితి తొట్లో వేసినాను.

విస్తరికో చెంచా చక్కెర!

"ఏందప్పా ఇది?" అన్నాడు మా మామ.

"పూతరేకులు మామా! గోదావరి స్పెషల్!"

మా అమ్మ వియ్యపురాలి వైపు తిరిగింది. "చక్కెరకా వదినా అంత దూరం నుంచి మోసుకొస్తివి? మన అంగట్లో దొరకదా?"

వదినవాళ్లమ్మ వంగి విస్తరిలోకి చూసింది. వదిన కళ్లలో నీళ్లు. అంతలో పాప పాక్కుంటూ పోయి, డబ్బా అడుగున మిగిలిన ముక్కను నోట్లో కుక్కుకుంది.

"పాప కాగితం తింటాంది!" అని ఒక్క దూకు దూకినాను.

వదినవాళ్లమ్మ నా చేయి పట్టుకుంది. "లాగకు బాబూ. అది కాగితం కాదు, బియ్యప్పిండి రేకు. పూతరేకంటే అదే. మిగతావి ఏవీ?"

నేను దొడ్డి వైపు చూసినాను. నాతోపాటు పంక్తి మొత్తం చూసింది. ఎనుము మూతి నాక్కుంటాంది.

మా అమ్మ పాప చేతిలోది చిటికెడు తుంచి నోట్లో వేసుకుంది. కళ్లు మూసుకుంది. "వదినా, నువ్వు పది దినాలు యాడికీ పోయేదిల్యా. నాకిది నేర్పు. ఈ మొద్దోన్ని మాత్రం డబ్బా దగ్గరికి రానీయొద్దు!"

అప్పుడు నవ్వింది వదిన. ఇంకా ఆపలేదు. నిన్న నంద్యాల పోతే బంగాళాదుంప కూర పెట్టి దోసె వేసింది. పక్కనే ఖాళీ గిన్నె.

"ఇదెందుకు వదినా?"

"కూర తినేసి, పైన కాగితం ఇందులో వేయండి మరిదిగారూ. ఎనుము ఎదురుచూస్తుంటుంది."